ఎనిమిదో గ్లాసు

నేను తొమ్మిదో తరగతికి భౌతిక రసాయన శాస్త్రం చెబుతాను. మా తరగతి గది కిటికీలోంచి చూస్తే ముందు ఆటస్థలం, దాని తరవాత కొన్ని పొలాలు, వాటి వెనక పారిశ్రామికవాడ పొగగొట్టాలు కనబడతాయి. మూడేళ్ళ క్రితం ఆమ్లాలు, క్షారాల పాఠం నడుస్తుండగా వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచి, "టీచర్, రాత్రిపూట మన వైపు వచ్చే వాసన ఏ రసాయనానిది?" అని అడిగాడు. నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి బదులు అది సిలబస్‌లో లేదని చెప్పి పాఠం కొనసాగించాను. ఆ వాసన వచ్చినప్పుడు మా ఇంట్లో కూడా కిటికీలు మూసుకుంటాం. ఆరేళ్ళుగా మూసుకుంటూనే ఉన్నా, రసాయన శాస్త్రం చదివిన నాకు ఆ ప్రశ్న ఒక్కసారీ తట్టలేదన్న సంగతి ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే గుర్తుకొచ్చి సిగ్గనిపించింది.

ఆ సిగ్గుతోనే తొందరపడ్డాను. వారం తిరగకుండా పారిశ్రామిక కాలుష్యం మీద రెండు పీరియడ్ల పాఠం తయారుచేసి తెర మీద బొమ్మలతో చూపించాను. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లోని పురుగుమందుల కర్మాగారంలో ఒక ట్యాంకులోకి నీరు చేరడం, అర్ధరాత్రి దాటాక సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ విషవాయువుగా మారి నిద్రపోతున్న బస్తీల మీద పరుచుకోవడం చెప్పాను. జపాన్‌లోని మినమాటాలో కర్మాగారపు వ్యర్థజలాలతో పాటు సముద్రంలో కలిసిన మిథైల్ పాదరసం చేపల ద్వారా మనుషుల మెదళ్ళకు ఎలా చేరిందో, మనుషుల కంటే ముందు ఆ ఊరి పిల్లులు ఎలా తూలిపడి చనిపోయాయో చెప్పాను. తరగతి అంతా చడీచప్పుడు లేకుండా విన్నది. ఆ నిశ్శబ్దాన్ని చూసి పాఠం బాగా కుదిరిందనుకున్నాను.

మర్నాడూ ఆ మర్నాడూ ఒక అమ్మాయి బడికి రాలేదు. మూడోరోజు ఉదయం ఆమె తల్లి వచ్చి స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరే నిలబడి, "టీచర్ గారూ, మా ఆయన అక్కడే రంగుల యూనిట్‌లో పనిచేస్తారు. నాన్న ఆ పని మానేస్తేనే అన్నం తింటానని పిల్ల మొండికేసి కూర్చుంది. ఆయన మానేస్తే మేమందరం ఏం తినాలి?" అని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేదేమో. నా తరగతిలో ఎంతమంది పిల్లల ఇళ్ళు ఆ గొట్టాల కింద సంపాదించిన జీతాలతో గడుస్తున్నాయో నేను పాఠానికి ముందు లెక్క వేసుకోలేదు. తరవాత వేశాను. 31 మందిలో 12 మంది.

ఆ సెలవుల్లో పాఠాన్ని మొదటినుంచి మళ్ళీ కట్టుకున్నాను. నేను చేసిన తప్పు భయపెట్టడం ఒక్కటే కాదు. భోపాల్, మినమాటాలను ఒకే తాటికి కట్టి చూపడం దానికంటే పెద్ద తప్పు. ఒకటి కొన్ని గంటల్లో ప్రాణం తీసేది; మరొకటి ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియకుండా ఒంట్లో పేరుకునేది. పిల్లల మాటల్లో చెప్పడానికి మొదటిదానికి పాము కాటు అని, రెండోదానికి చెద పట్టడం అని పేర్లు పెట్టుకున్నాను. పాము కాటుకు పరుగెత్తాలి; చెదకు గోడ తట్టి చూడాలి, లెక్క రాసుకోవాలి, ఓపిక పట్టాలి. వాటిని కలిపి చెబితే పిల్లలకు మిగిలేది పరుగెత్తాలన్న కోరిక ఒక్కటే, ఎటు పరుగెత్తాలో మాత్రం తెలియదు. ఆ అమ్మాయి విషయంలో జరిగింది అదే.

రెండో ఏడాది పాఠం ఏ విషాద గాథతోనూ మొదలుపెట్టలేదు. బోర్డు మీద మూడు ప్రశ్నలు రాశాను: అది ఎక్కడ పుడుతోంది, ఏ దారిన వస్తోంది, ఎవరిని ఎంత మేరకు చేరుతోంది. మూత బిగించిన బుట్టలోని తాచుపాముకు విషం లేదని కాదు, కాటేసే దారి లేదని మాత్రమే. డ్రమ్ములో భద్రంగా ఉన్న రసాయనం అలాంటిది. అదే డ్రమ్ముకు తుప్పు పట్టి చిల్లు పడితే రసాయనం స్వభావం మారదు, దారి ఏర్పడుతుంది. రసాయనం అనే మాటనే తిట్టుగా వాడే అలవాటు పిల్లలకు ఇంటి దగ్గరా టీవీలోనూ అబ్బుతుంది కనుక, నీరూ రసాయనమే, ఉప్పూ రసాయనమే అని గుర్తుచేసి, మోతాదును బట్టే ఏదైనా విషమవుతుందని 16వ శతాబ్దంలోనే పారసెల్సస్ అనే వైద్యుడు చెప్పిన సంగతి దగ్గరికి తీసుకువచ్చాను. అయితే మోతాదు అనే మాట పలకడం వేరు, అది కంటికి కనబడటం వేరు. దానికోసం గ్లాసుల ప్రయోగం చేశాం.

ప్రయోగం చాలా చిన్నది. తొమ్మిది గాజు గ్లాసులు వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో తొమ్మిది చెంచాల నీళ్ళు పోశాం. మొదటి గ్లాసులో ఒక చెంచా నీలం సిరా కలిపాం. అందులోంచి ఒక చెంచా తీసి రెండో గ్లాసులో, రెండోదాంట్లోంచి ఒక చెంచా మూడోదాంట్లో, అలా తొమ్మిదో గ్లాసు దాకా వెళ్ళాం. ప్రతి గ్లాసులోనూ గాఢత అంతకుముందు గ్లాసులో పదో వంతు. సిరాలో కూడా ఎక్కువ భాగం నీళ్ళే గానీ లెక్క తేలిక కోసం దాన్ని పూర్తిగా రంగే అనుకున్నాం. మూడో గ్లాసు దాకా నీలం స్పష్టంగా ఉంది, నాలుగోదాంట్లో లేతగా ఉంది. అయిదో గ్లాసు దగ్గర తరగతి రెండుగా చీలింది. వెనక తెల్ల కాగితం పెట్టి చూస్తే ఉందని కొందరు, అది వాళ్ళ భ్రమ అని మరికొందరు. ఆరో గ్లాసులో ఉందని ఎవరూ అనలేదు. ఆ ఆరో గ్లాసే పది లక్షల్లో ఒక వంతు, అంటే ఒక పీపీఎం. నీటి విషయంలో లీటరుకు ఒక మిల్లీగ్రాము అని అర్థం.

అప్పుడు ఎనిమిదో గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. అందులోని గాఢత పది కోట్లలో ఒక వంతు. పీపీబీ, అంటే వంద కోట్లలో ఒక వంతు లెక్కలో చెబితే పది. తాగే నీటిలో సీసానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శక పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు, సరిగ్గా ఈ గ్లాసులో ఉన్నంత. ఆర్సెనిక్‌కూ అంతే. మనకు నీళ్ళలా కనబడే ఈ నీళ్ళలో రంగు బదులు సీసం ఉండి ఉంటే, ఇంతకంటే ఏమాత్రం ఎక్కువైనా పరిమితి దాటినట్టే అని చెప్పాను. పిల్లలు కాసేపు ఆ గ్లాసునే చూశారు. పోయినేడాది తెర మీది బొమ్మలు చూసినప్పటి నిశ్శబ్దం కాదు అది. వాళ్ళు లెక్క వేసుకుంటున్నారు. పరిమితికి లోపల ఉంటే ఏ భయమూ లేదని కూడా అనుకోవద్దని చెప్పాల్సివచ్చింది. సీసం విషయంలో ఇంతవరకు హానిలేదని గీత గీయగలిగిన స్థాయి ఏదీ తేలలేదు. నీటిని శుద్ధి చేయడంలోనూ కొలవడంలోనూ ఆచరణలో ఎంతవరకు సాధ్యమో చూసి ఆ 10 అనే అంకె పెట్టారు. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే అమెరికా వైద్యుడు బడిపిల్లల ఊడిన పాలపళ్ళను సేకరించి, వాటిలో సీసం ఎక్కువగా ఉన్న పిల్లలు పైకి ఏ జబ్బూ లేకపోయినా తెలివి పరీక్షల్లో, శ్రద్ధలో వెనకబడ్డారని చూపించిన సంగతి వాళ్ళను బాగా పట్టుకుంది. ఊడిన పళ్ళు ఎక్కడ పారేశామో గుర్తుచేసుకోవడంలో ఆ పీరియడ్ చివరి పది నిమిషాలు గడిచిపోయాయి. నేను అడ్డుపడలేదు.

(ఒక జాగ్రత్త. ఈ ప్రయోగం చేసేటప్పుడు ఎవరో ఒకరు చివరి గ్లాసు తాగి చూపిస్తానని తప్పకుండా బయలుదేరతారు. ఏ నమూనానూ నోట పెట్టకూడదన్న నియమం ముందు చెప్పి, ఆ తరవాతే గ్లాసులు బయటికి తీయడం మంచిది.)

మరుసటి వారం ఒక విద్యార్థి ఇంట్లో నీటి శుద్ధి యంత్రం అమర్చిన మనిషి వదిలి వెళ్ళిన టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల మొత్తం) మీటరును సగర్వంగా పట్టుకొచ్చాడు. తక్కువ అంకె వస్తే మంచి నీళ్ళని, ఎక్కువ వస్తే విషమని ఆ మనిషి చెప్పాడట. వాదించకుండా మూడు గ్లాసుల్లో స్వేదనజలం పోయించాను. ఒకదాంట్లో ఏమీ కలపలేదు, రెండోదాంట్లో రెండు చెంచాల పంచదార, మూడోదాంట్లో చిటికెడు ఉప్పు. పంచదార నీళ్ళలో మీటరు దాదాపు కదలలేదు. ఉప్పు నీళ్ళలో అంకె ఎగిరిపడింది. ఆ పరికరం కరిగిన పదార్థాన్ని చూడదు, నీటిలో విద్యుత్తు ఎంత పారుతోందో చూసి దాన్నిబట్టి లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది. పురుగుమందులూ, రంగుల్లాంటివి కరిగించడానికి వాడే ద్రావణులూ చాలావరకు పంచదార లాగే దాని కంట పడవు. సీసం కంట పడాలన్నా, ఆ మీటరు చూపగల అతి చిన్న అంకె లీటరుకు ఒక మిల్లీగ్రాము. ఎనిమిదో గ్లాసు దానికి నూరో వంతు. మీటరు తెచ్చిన అబ్బాయి ముఖం చిన్నబోయింది గానీ, ఆ తరవాత నెలల్లో రెండు బావుల నీటిలో తేడాను పట్టించింది ఆ మీటరే. పరికరం పనికిమాలినది కాదు, మనం అడిగే ప్రశ్న దానికి తెలిసినదై ఉండాలి.

ఊరి మీదికి పిల్లలను తీసుకువెళ్ళడానికి ప్రధానోపాధ్యాయులు వెంటనే ఒప్పుకోలేదు. తల్లిదండ్రుల అనుమతి పత్రాలు, ఏ ప్రాంగణంలోకీ అడుగుపెట్టకపోవడం, దేన్నీ ముట్టుకోకపోవడం, రాతలో ఏ సంస్థ పేరూ వాడకపోవడం అని నాలుగు షరతులు పెట్టారు. చివరి షరతు నాకు మొదట పిరికితనంగా తోచింది. ఆరు వారాల తరవాత ఆ షరతు మమ్మల్ని ఎంత పెద్ద తప్పు నుంచి కాపాడిందో తెలిసింది.

మేము మొదలుపెట్టింది వాసనల పుస్తకం. ప్రతి విద్యార్థీ తన ఇంటి దగ్గర వాసన తెలిసినప్పుడల్లా తేదీ, సమయం, గాలి వచ్చే దిక్కు, ఘాటు సున్నా నుంచి అయిదు వరకు ఎంత, కళ్ళుగానీ గొంతుగానీ మండాయా, ఆ వాసన దేన్ని పోలి ఉంది అన్న వివరాలు రాయాలి. గాలి దిక్కు కోసం ఒక కర్రకు రిబ్బను ముక్క కట్టుకున్నారు. వాసన లేని రోజున వాసన లేదని రాయాలన్న నియమం అన్నింటికంటే కష్టమైనది. పిల్లలకే కాదు, పెద్దలకూ ఏమీ జరగని రోజును నమోదు చేయడం దండగ పనిలా అనిపిస్తుంది. ఆ సున్నాలు లేకపోతే మిగతా అంకెలకు అర్థం లేదని చెప్పి చెప్పి విసిగిపోయాను. వాసన లేనంత మాత్రాన ప్రమాదం లేదనుకోకూడదని కూడా ఈ సందర్భంలోనే చెప్పాను. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే లేదు. కుళ్ళిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలిలో 100 పీపీఎం స్థాయికి చేరితే కొద్ది నిమిషాల్లో ముక్కు మొద్దుబారి, ప్రమాదం పెరిగే కొద్దీ వాసన పోయినట్టే అనిపిస్తుంది.

ఆరు వారాల్లో నాలుగు వందలకు పైగా నమోదులు చేరాయి. వాటిని గోడ మీది పెద్ద పటంలో రంగు చుక్కలుగా అతికించాం. పటం ఎందుకు గీస్తున్నామో చెప్పడానికి అమెరికాలోని లవ్ కెనాల్ సంగతి చెప్పాను. అక్కడ 1942 నుంచి 1953 వరకు రసాయన వ్యర్థాలు పూడ్చిన కాలువ స్థలాన్ని పాఠశాలల బోర్డు ఒక డాలరుకు తీసుకుని బడి కట్టింది. చుట్టూ ఇళ్ళు లేచాయి. 1978లో లోయిస్ గిబ్స్ అనే గృహిణి, తన కొడుకు ఆ బడిలోనే చదువుతూ జబ్బుపడ్డాక, ఇంటింటికీ తిరిగి ఎవరికి ఏ జబ్బు ఉందో రాసుకుని పటం మీద గుర్తులు పెడితే, అవి ఎప్పుడో పూడిపోయిన పాత నీటి పాయల వెంట వరస కట్టి కనబడ్డాయి. అధికారులు మొదట అది గృహిణుల లెక్క అని తోసిపుచ్చారు. చివరికి వందల కుటుంబాలను అక్కడినుంచి తరలించక తప్పలేదు. బడి కిందే వ్యర్థాలు ఉన్న కథ కనుక పిల్లలు మా ఆటస్థలం వైపు ఒకసారి అనుమానంగా చూశారు. మా ఆటస్థలం అంతకుముందు వేరుశనగ చేను అని ఒకరి తాతగారు వచ్చి చెప్పేదాకా ఆ అనుమానం తీరలేదు.

పటం మా అంచనాలను రెండుగా చీల్చింది. కుళ్ళిన గుడ్ల వాసన అని రాసిన చుక్కలన్నీ గాలి పారిశ్రామికవాడ వైపు నుంచి కాక, దానికి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి వీచిన రోజులవి. ఆ వైపు ఉన్నది ఇళ్ళ మురుగునీరంతా చేరి కదలకుండా నిలిచిపోయే గుంట. గాలి తగలని మురుగు అడుగున సూక్ష్మజీవులు సల్ఫేట్లను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. ఆ సమీకరణం పాఠంలో చెప్పిన నేను కూడా ఆరేళ్ళుగా ఆ వాసనను గొట్టాల ఖాతాలోనే వేశాను. సంస్థ పేరు రాయకూడదన్న షరతు గురించి అప్పుడు ప్రధానోపాధ్యాయుల గదికి వెళ్ళి నా అభిప్రాయం మార్చుకున్నానని చెప్పి వచ్చాను.

గోళ్ళరంగులాంటి వాసన సంగతి వేరు. అది ద్రావణుల వాసన, గాలి పారిశ్రామికవాడ నుంచి వీచినప్పుడే వచ్చింది, పైగా రాత్రి పది తరవాత, తెల్లవారుజామున ఎక్కువ. తరగతిలో సగం మందికి జవాబు అప్పటికే తెలిసిపోయింది: ఎవరూ చూడరని రాత్రిళ్ళు వదులుతున్నారు. కావచ్చు. అయితే ఎప్పుడూ పెద్దగా మాట్లాడని ఒక అబ్బాయి, తెల్లవారుజామున పొలాల్లో చెత్త తగలబెడితే పొగ పైకి పోకుండా నేలకు దుప్పటిలా పరుచుకుంటుందని, మధ్యాహ్నం అలా జరగదని గుర్తుచేశాడు. అతను చెప్పింది ఉష్ణోగ్రతా విలోమం. మబ్బు లేని నిశ్చలమైన రాత్రుల్లో నేల త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి పైగాలి కంటే చల్లగా మారుతుంది. చల్లని గాలి బరువు కనుక పైకి లేవదు, అందులో కలిసినది అక్కడే ఉండిపోతుంది. పగలూ రాత్రీ ఒకే మోతాదులో వదిలినా రాత్రి వాసన ఎక్కువగా తెలుస్తుంది.

ఇప్పుడు ఒకే పట్టికకు రెండు కథలు. దేన్ని నమ్మాలో నన్ను చెప్పమన్నారు, నేను చెప్పలేదు. తేల్చే దారి వెతకమన్నాను. రెండు పీరియడ్లు పట్టింది. మబ్బు పట్టిన రాత్రుల్లో, గాలి బాగా వీచే రాత్రుల్లో విలోమం బలహీనంగా ఉంటుంది కాబట్టి ఆ రాత్రుల్లో వాసన తగ్గితే అబ్బాయి మాట నిలుస్తుంది, తగ్గకపోతే మొదటి అనుమానం బలపడుతుంది అన్న చోటికి వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. మా పుస్తకంలో మబ్బు రాత్రులు నాలుగే ఉన్నాయి. వాటిలో రెండు ఒకవైపు, రెండు ఇంకోవైపు చూపాయి. పటం కింద "తేలలేదు" అని రాయాల్సివచ్చింది. ఆ మాట రాయడానికి పెన్ను పట్టుకున్న విద్యార్థిని దాదాపు ఏడుపు మొహం పెట్టింది. ఇంత కష్టపడి ఇదా రాయడం అని. నా ఉద్యోగంలో నేను రాయించిన అతి కష్టమైన మాట అది.

నీటి సంగతి త్వరగా చెబుతాను. పారిశ్రామికవాడ కాలువకు దగ్గరగా ఉన్న బావిలో టీడీఎస్ అంకె, ఎగువన ఉన్న బావి కంటే దాదాపు మూడు రెట్లు వచ్చింది. రెండు బావుల నమూనాలనూ ప్రయోగశాలకు పంపాం. లోహాలు సీసా గోడలకు అంటుకుపోకుండా నమూనాలో కొద్దిగా నత్రికామ్లం కలపాలి, అది పెద్దవాళ్ళు చేయాల్సిన పని. స్వేదనజలం నింపిన మూడో సీసాను కూడా అదే సంచిలో తీసుకువెళ్ళి పంపాలి, దారిలో మా చేతుల నుంచో సీసాల నుంచో ఏదైనా కలిసిందా అన్నది అది చెబుతుంది. రెండు వారాలకు నివేదిక వచ్చింది. సీసం గడిలో "0.05 కంటే తక్కువ" అని ఉంది. తరగతి చప్పట్లు కొట్టింది.

పోయినేడాది రెండు రోజులు బడి మానేసిన అమ్మాయి ఆ ఏడు పదో తరగతి. తన చెల్లెలు ఇప్పుడు నా తరగతిలో ఉన్నందువల్ల మధ్యాహ్నం విరామంలో వచ్చి గోడ మీది పటం, గ్లాసుల వరస చూసిపోతూ ఉండేది. నివేదిక చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "టీచర్, లీటరుకు 0.05 మిల్లీగ్రాములంటే 50 మైక్రోగ్రాములు కదా. ఏడో గ్లాసు వంద, ఎనిమిదో గ్లాసు పది. అంటే ఈ ప్రయోగశాల కన్ను ఎనిమిదో గ్లాసు దాకా చూడలేదా?" అని అడిగింది. చూడలేదు. ఆ పరికరం గుర్తించగల అతి తక్కువ స్థాయే 50. అంతకు లోపల 40 ఉన్నా, ఏమీ లేకపోయినా అది ఒకేలా రాస్తుంది. నేను ఆ గడిని చూసి చప్పట్లలో చేరిన సంగతి ఒప్పుకోవాలి. ఇంకా సున్నితమైన పరికరం ఉన్న చోటికి మళ్ళీ నమూనాలు పంపాం. రెండు బావుల్లోనూ సీసం 10కి తక్కువే ఉందని తేలింది. కాలువ దగ్గరి బావిలో క్లోరైడ్ మాత్రం చాలా ఎక్కువ.

కాలుష్య నియంత్రణ అధికారులకు పిల్లలు రాసిన ఉత్తరంలో మూడు భాగాలు ఉన్నాయి: మేము చూసినవి, మేము కొలిచినవి, మేము ఊహిస్తున్నవి. ఏ వాక్యం ఏ భాగంలో పడాలన్న దాని మీద జరిగినంత పోట్లాట నేను ఏ క్రికెట్ ఆటలోనూ చూడలేదు. నాలుగు నెలల తరవాత ఒక ఇంజనీరు వచ్చి బావుల నీళ్ళు, కాలువ నీళ్ళు పట్టుకెళ్ళారు. వాసన మీద ఇప్పటికీ జవాబు రాలేదు. మురుగు గుంటకు మాత్రం దారి తవ్వించారు, అది ఎవరి మీదా నింద పడని పని కనుక త్వరగా అయిందని నా అనుమానం. మూడో భాగంలో రాయాల్సిన మాట.

విద్యా సంవత్సరం చివర గ్లాసులు, పటం, పుస్తకాలు తల్లిదండ్రులకు ప్రదర్శించాం. ఆ అమ్మాయి తండ్రి పని దుస్తుల్లో కాకుండా ఉతికిన చొక్కాతో వచ్చి అందరూ వెళ్ళేదాకా ఆగారు. పని బట్టలతో ఇంట్లోకి వచ్చే దుమ్ము కూడా ఒక దారేనని కూతురు చెప్పినప్పటి నుంచి వాటిని వేరుగా ఉతుకుతున్నారట. తరవాత ఫోన్ తీసి ఒక డ్రమ్ము ఫోటో చూపించారు. దాని మీద ఎర్ర అంచు ఉన్న తెల్లని చదరం, అందులో ఛాతీ మీద నక్షత్రంలా పగిలిన గుర్తుతో ఒక మనిషి బొమ్మ. "పదకొండేళ్ళుగా చూస్తున్నా టీచర్ గారూ. గుండెజబ్బు ఉన్నవాళ్ళు ముట్టుకోకూడదేమో అనుకున్నా" అన్నారు. అది అలవాటుగా తగిలితే ఏళ్ళ మీద హాని చేసే పదార్థాలకు పెట్టే గుర్తు, ఊపిరితిత్తులకుగానీ సంతానానికిగానీ చేటు చేసేవి, క్యాన్సరుకు దారితీసేవి అందులోకి వస్తాయి. చెద గుర్తు అని అమ్మాయి పక్కనుంచి అందించింది.

ఆయన సూపర్‌వైజరును అడిగి ఆ పదార్థం ఎమ్మెస్డీఎస్, అంటే భద్రతా సమాచార పత్రం, కాగితాల జిరాక్సు కూడా తెచ్చుకున్నారు. ఇంగ్లీషులో ఉంది. అలాంటి పత్రంలో ఎప్పుడూ పదహారు భాగాలుంటాయి. నాలుగోది ప్రథమ చికిత్స, ఎనిమిదోది ఒంటి రక్షణ, పదకొండోది ఒంటి మీద ప్రభావం. ముగ్గురం ముందు బెంచీ మీద కూర్చుని ఎనిమిదో భాగం తెరిచాం. చేతి తొడుగులు ఏ రకం రబ్బరువై ఉండాలో, ఎంతసేపటి తరవాత మార్చాలో అందులో ఉంది. ఆయనకు ఇస్తున్నవి నూలు తొడుగులు. అమ్మాయి తన నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఆ రబ్బరు పేరు, సమయం తెలుగులో పెద్ద అక్షరాలతో రాసింది. యూనిట్‌లో మిగతావాళ్ళకూ చూపిస్తానని ఆయన అన్నారు. కాగితం మడుస్తూ, పదకొండో భాగంలో ఒకే మాట కింద కింద నాలుగు వరసల్లో ఉండటం చూసి అదేమిటని అడిగారు. సమాచారం అందుబాటులో లేదని అర్థం అని చెప్పాను.

"అంటే ఏమీ కాదనా?" అన్నారు.

"కాదు నాన్నా, ఎవరూ కొలవలేదని" అంది అమ్మాయి. ఆ కాగితం మళ్ళీ అడిగి తీసుకుని, రబ్బరు పేరు కింద ఆ మాట కూడా రాసింది.